నెట్‌వర్క్‌తో పనిచేసే ఎంబెడెడ్ డాస్: చిప్పు నుంచి కంపైలర్ దాకా ఏది ఎంచుకోవాలి

డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే చిన్న కంట్రోలర్‌ని (ఒక పరికరం లోపల ఇమిడి దాన్ని నడిపే కంప్యూటర్‌ని) నెట్‌వర్క్‌కి కలపాలనుకున్నవాళ్లు సాధారణంగా మొదట అడిగేది ఏ డాస్ తీసుకోవాలని. ఫ్రీడాసా, రోమ్-డాసా, పాత ఎంఎస్-డాస్ 6.22 చాలా? నా దృష్టిలో అది ఆఖరున తేల్చుకోవాల్సిన సంగతి. డాస్ కెర్నెల్‌కి, అంటే దాని ప్రధాన భాగానికి, సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్‌కి ప్రోగ్రామ్ వైపు కొస) అంటే ఏమిటో తెలియదు. ఫైళ్లు తెరవడం, మెమరీ పంచడం, ప్రోగ్రామ్‌ని లోడ్ చేయడం వరకే దాని పని, ఆ పనులు అన్ని డాస్‌లూ ఇంచుమించు ఒకేలా చేస్తాయి. ఈథర్‌నెట్ చిప్పుతో మాట్లాడేది విడిగా లోడ్ అయ్యే డ్రైవర్. టీసీపీ/ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో డేటా పంపుకునే నియమాలు, మీ ప్రోగ్రామ్‌లోనే లింక్ అయ్యే లైబ్రరీగా వస్తాయి. డ్రైవర్ ఉందో లేదో చూడకుండా బోర్డు కొనేసి ఏ డాస్ మేలని వాదించుకోవడం, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. కాబట్టి కింద నుంచి పైకి రండి: ముందు చిప్పూ దాని డ్రైవరూ, తర్వాత లైబ్రరీ, లైబ్రరీని బట్టి కంపైలర్, చివర డాస్.

అసలు డాసే కావాలా

డాస్‌ని ఎంచుకోవడానికి గట్టి కారణాలు ఇప్పటికీ ఉన్నాయి. ఏళ్ల తరబడి నమ్మకంగా నడుస్తున్న సీ, పాస్కల్ కోడ్ చేతిలో ఉండటం వాటిలో పెద్దది. హార్డ్‌వేర్ పోర్టులను నేరుగా చదివి రాయగలగడం, ఇంటరప్ట్‌కీ (చేస్తున్న పని ఆపి తన సంగతి చూడమనే పిలుపుకీ) మీ కోడ్‌కీ మధ్య ఇంకో షెడ్యూలర్ లేకపోవడం, యంత్రాన్ని లేపే బయాస్ పని ముగిసిన క్షణాల్లోనే ప్రోగ్రామ్ మొదలవడం మిగతావి. కొలతలు తీసి పంపే పరికరం, సీరియల్ పోర్టు మీద వచ్చే డేటాని ఈథర్‌నెట్‌కి మార్చే పెట్టె, ఒక యంత్రాన్ని నడిపే కంట్రోలర్ లాంటి ఒకే పని చేసే వస్తువులకు డాస్ చక్కగా సరిపోతుంది.

పాత కోడ్ ఏమీ లేదు, కొత్తగా మొదలుపెడుతున్నారు, వైఫై కావాలి, ఎన్‌క్రిప్షన్ కావాలి, ఒకేసారి పదుల కనెక్షన్లు రావాలి అంటే డాస్ జోలికి పోకండి. ఆ పనికి లినక్స్ గానీ, చిన్న చిప్పు మీద ఫ్రీఆర్టాస్ లాంటి చిన్న రియల్‌టైమ్ సిస్టమ్ గానీ తీసుకోండి. మీ దగ్గరున్న హార్డ్‌వేర్ మరీ పాతదైతే మాత్రం ఒక మాట గుర్తుంచుకోవాలి: లినక్స్ కెర్నెల్ 2013లో వచ్చిన 3.8 నుంచి 386 ప్రాసెసర్‌ని వదిలేసింది. 8086 తరగతి యంత్రాల కోసం ఎల్క్స్ అనే చిన్న యూనిక్స్ లాంటి వ్యవస్థ ఉంది, దానికి సొంత టీసీపీ/ఐపీ కూడా ఉంది. కానీ మీ డాస్ ప్రోగ్రామ్ దాని మీద అలాగే నడవదు, మళ్లీ రాసుకోవాల్సిందే.

చిప్పు, డ్రైవర్

డాస్ కాలంలో ఈథర్‌నెట్ డ్రైవర్లకు మూడు పద్ధతులు వచ్చాయి: మైక్రోసాఫ్ట్, త్రీకామ్ వాళ్ల ఎన్‌డిస్, నోవెల్ వాళ్ల ఓడీఐ, ఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ ప్రకటించిన ప్యాకెట్ డ్రైవర్. ఎంబెడెడ్ పనికి ప్యాకెట్ డ్రైవరే ఎంచుకోండి. ఇది కొన్ని కిలోబైట్ల మెమరీలో కూర్చునే చిన్న ప్రోగ్రామ్. హెక్స్ 60 నుంచి 80 దాకా ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంటరప్టుల్లో ఒకదాన్ని తీసుకుంటుంది, అక్కడ తన గుర్తుగా ఒక చిన్న అక్షరాల వరస పెట్టుకుంటుంది. మీ లైబ్రరీ ఆ వరసను వెతికి డ్రైవర్‌ని పట్టుకుంటుంది. ఇక మిగిలేది ప్యాకెట్ పంపడం, అందుకోవడం, చిప్పు చిరునామా అడగడం లాంటి కొద్ది ఫంక్షన్లే. మీ చిప్పుకి ఎన్‌డిస్ లేదా ఓడీఐ డ్రైవర్ మాత్రమే దొరికితే దాని మీద ప్యాకెట్ డ్రైవర్‌లా కనిపించే మధ్య పొర వేసుకోవచ్చు. అది పనిచేస్తుంది గానీ మెమరీ తింటుంది, తప్పు జరిగినప్పుడు వెతకాల్సిన చోట్లు పెరుగుతాయి.

ఐసా బస్ (కార్డులు గుచ్చే పాత పద్ధతి) ఉన్న బోర్డు అయితే ఎన్ఈ2000 అనే పాత ఈథర్‌నెట్ కార్డుకి అనుకూలమైన చిప్పు చూసుకోండి. రియల్‌టెక్ ఆర్‌టీఎల్8019ఏఎస్ ఇలాంటిదే, ఎంబెడెడ్ బోర్డుల మీద ఎంతో కాలం రాజ్యమేలింది. దీని డ్రైవర్ క్రిన్వర్ అనే ప్యాకెట్ డ్రైవర్ల సేకరణలో సోర్స్‌తో సహా ఉంది. ఐసా తర్వాత వచ్చిన పీసీఐ బస్ అయితే రియల్‌టెక్ 8139, ఇంటెల్ ప్రో/100 లాంటివాటికి డ్రైవర్లు ఉన్నాయి. డీఎం అండ్ పీ కంపెనీ వోర్టెక్స్86 చిప్పుల్లో ఆర్6040 అనే 10/100 మెగాబిట్ ఈథర్‌నెట్ లోపలే ఉంటుంది, దానికీ ప్యాకెట్ డ్రైవర్ ఉంది. కొత్తగా కొనేవాళ్లకు ఈ కుటుంబం మంచి దారి. అందులో వోర్టెక్స్86ఎస్ఎక్స్‌లో ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ లేదు, ఆ లెక్కలు ఉంటే కంపైలర్‌లో ఎమ్యులేషన్ పెట్టుకోవాలి.

మామూలు కొత్త పీసీ బోర్డు చవగ్గా దొరికిందని తీసుకోకండి. డాస్ బూట్ కావాలంటే పాత పద్ధతి బయాస్ ఉండాలి. ఇప్పటి చాలా బోర్డులు బయాస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ మాత్రమే ఇస్తాయి, పాత బూటింగ్‌కి వీలు కల్పించే సీఎస్ఎమ్ భాగం తీసేశారు. యూఎస్‌బీకి గుచ్చే ఈథర్‌నెట్ అడాప్టర్లనూ నమ్ముకోవద్దు.

ఇంకో తరహా బోర్డులు వేరుగా చూడాలి. జర్మనీకి చెందిన బెక్ కంపెనీ ఐపీసీఎట్‌చిప్ ఎస్‌సీ12లో 186 ప్రాసెసర్, 512 కిలోబైట్ల ర్యామ్, 512 కిలోబైట్ల ఫ్లాష్, 10 మెగాబిట్ ఈథర్‌నెట్ అన్నీ 32 కాళ్ల చిప్పు ఆకారంలో ఇమిడిపోయాయి. అందులో ఉన్నది డాస్ ఫంక్షన్లను అందించే రియల్‌టైమ్ సిస్టమ్: టీసీపీ/ఐపీ, వెబ్ సర్వర్, ఎఫ్‌టీపీ, టెల్నెట్ ముందే ఉంటాయి. ఐసీపీ డీఏఎస్ (ICP DAS) అనే కంపెనీ వాళ్ల 7188 తరహా కంట్రోలర్లలో మినీఓఎస్7 అనే డాస్ లాంటి వ్యవస్థ ఉంటుంది. వీటి లాభం స్పష్టం, నెట్‌వర్క్ తొలి రోజే పనిచేస్తుంది. బెక్ దాంట్లో పనులను వేర్వేరు టాస్కులుగా విడగొట్టుకోవచ్చు కూడా, మామూలు డాస్‌లో ఆ సుఖం లేదు. నష్టమూ అంతే స్పష్టం. మీ కోడ్ ఆ తయారీదారు ఇచ్చిన ఫంక్షన్లకు అతుక్కుపోతుంది, ఆ చిప్పు మార్కెట్లోంచి పోతే నెట్‌వర్క్ భాగం మొత్తం తిరిగి రాయాలి. కొద్ది కాలం, కొద్ది సంఖ్యలో పెట్టే పనికి వీటిని తీసుకోవచ్చు. పదేళ్లు నిలవాల్సిన వస్తువుకి ప్యాకెట్ డ్రైవర్ దారే పట్టమంటాను, ఎందుకంటే రేపు బోర్డు మారినా డ్రైవర్ ఫైల్ ఒక్కటే మారుతుంది.

టీసీపీ/ఐపీ లైబ్రరీ

అసలు ఎంపిక ఇక్కడుంది. ఆచరణలో మూడు దారులు: ఎమ్‌టీసీపీ, వాట్-32, లేదా మీరే రాసుకునే చిన్న యూడీపీ (ప్యాకెట్ చేరిందో లేదో చూడకుండా పంపే సాదా పద్ధతి).

ఎమ్‌టీసీపీ మైకెల్ బ్రూట్మన్ రాసినది. 16-బిట్ రియల్ మోడ్ (మొదటి మెగాబైట్ మెమరీతోనే పనిచేసే పాత ప్రాసెసర్ పద్ధతి) కోసమే కట్టారు, మొట్టమొదటి 8088 పీసీ మీద కూడా నడుస్తుంది. సీ++లో ఉంది, ఓపెన్ వాట్‌కామ్‌తో కంపైల్ అవుతుంది. లైబ్రరీతో పాటు డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్ చిరునామా దానంతటదే తెచ్చుకునేది), ఎఫ్‌టీపీ సర్వర్, టెల్నెట్, నెట్‌క్యాట్, ఎస్ఎన్‌టీపీ (సమయం తెచ్చుకునేది) ప్రోగ్రాములు వస్తాయి, వాటి సోర్సే మీకు పాఠ్యపుస్తకం. బఫర్లు ఎన్ని ఉండాలో కంపైల్ చేసేటప్పుడే చెప్పుకోవడం దీంట్లో నాకు బాగా నచ్చే సంగతి. ఒక్కోటి 1514 బైట్ల చొప్పున 20 బఫర్లు పెడితే 30,280 బైట్లు, అంతే, రాత్రి రెండింటికి ఎక్కడో మెమరీ అయిపోయిందన్న కబురు రాదు. రెండు విషయాలు మాత్రం ముందే తూచుకోండి. ఒకటి, దీని లైసెన్స్ జీపీఎల్ 3. దీనితో లింక్ చేసిన ప్రోగ్రామ్‌ని బయటికిస్తే సోర్స్ కూడా అదే షరతుల మీద ఇవ్వాలి. రెండు, ఇందులో డీహెచ్‌సీపీ ఒక విడి ప్రోగ్రామ్. అది ఒకసారి నడిచి, దొరికిన చిరునామాను కాన్ఫిగరేషన్ ఫైల్లో రాసి తప్పుకుంటుంది. నెలల తరబడి ఆగకుండా నడిచే పరికరానికి ఇది కుదరదు, స్థిరమైన చిరునామా ఇచ్చేయండి.

వాట్-32కి మూలం వాటర్లూ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఎంగెల్కీ రాసిన వాట్‌టీసీపీ. దాన్ని గిస్లె వానెమ్ విస్తరించారు. ఇది 16-బిట్‌లోనూ 32-బిట్‌లోనూ కట్టుకోవచ్చు, బోర్లాండ్, వాట్‌కామ్, డీజేజీపీపీ అనే మూడు కంపైలర్లకీ వస్తుంది. యూనిక్స్ అలవాటు ఉన్నవాళ్లకు తెలిసిన బర్క్‌లీ సాకెట్ ఫంక్షన్లే దీంట్లో ఉంటాయి. డీహెచ్‌సీపీ, డీఎన్ఎస్ (పేరు నుంచి చిరునామా కనుక్కునేది) లైబ్రరీ లోపలే ఉన్నాయి. పక్కన ఎక్కడో లినక్స్ కోసం రాసిన నెట్‌వర్క్ కోడ్‌ని తెచ్చుకోవాలంటే ఇదొక్కటే సులువైన దారి. బదులుగా పరిమాణం పెద్దది, 16-బిట్‌లో అక్కర్లేని భాగాలు తీసేసి కట్టుకోకపోతే 640 కిలోబైట్లలో ఇరుకైపోతుంది. కోడ్ వేర్వేరు చోట్ల నుంచి పోగైంది కాబట్టి అమ్మే వస్తువులో పెట్టేముందు లైసెన్స్ వాక్యాలన్నీ చదవండి.

మూడో దారిని చాలామంది తక్కువగా చూస్తారు. మీ పరికరం సెకనుకోసారి నాలుగు అంకెలు పంపి, అప్పుడప్పుడు ఒక ఆదేశం అందుకుంటే చాలంటే టీసీపీ ఎందుకు? ఏఆర్‌పీ (ఐపీ చిరునామాకి చిప్పు చిరునామా కనుక్కోవడం), ఐపీ శీర్షిక (ప్యాకెట్ ముందుండే చిరునామాల భాగం), యూడీపీ, పింగ్‌కి జవాబు: ఇంతే రాస్తే కొన్ని వందల వరుసల సీ కోడ్‌లో అయిపోతుంది. ప్రతి వరుసా మీకు తెలుసు. పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపే బాధ్యత మీ మీద పడుతుంది గానీ, సంఖ్య వేసి జవాబు కోసం చూసే చిన్న పద్ధతి దానికి చాలు. ఫైళ్లు పంపాలన్నా, వెబ్ పేజీ చూపించాలన్నా మాత్రం ఇది వద్దు. టీసీపీని సొంతంగా రాయడం నెలల పని.

ఈ మూడింటిలో ఏది పట్టుకున్నా ప్యాకెట్ అందుకునే తీరు అర్థం చేసుకోవాలి, ఎందుకంటే డాస్ నెట్‌వర్క్ ప్రోగ్రాములు ఎక్కువగా కూలేది అక్కడే. ప్యాకెట్ రాగానే డ్రైవర్ మీ ఫంక్షన్‌ని రెండుసార్లు పిలుస్తుంది. మొదటిసారి పొడవు చెప్పి బఫర్ ఎక్కడుందని అడుగుతుంది. శూన్య చిరునామా ఇస్తే ప్యాకెట్‌ని పారేస్తుంది. రెండోసారి కాపీ అయిపోయిందని చెబుతుంది. ఇదంతా హార్డ్‌వేర్ ఇంటరప్ట్ మధ్యలో జరుగుతుంది. అక్కడ డాస్ ఫంక్షన్ ఏదీ పిలవకూడదు. డాస్ తన పని మధ్యలో ఉండగా మళ్లీ దాన్ని పిలిస్తే తట్టుకోలేదు. కాల్ స్టాక్ కూడా మీది కాదు, డ్రైవర్‌దో అప్పటికి ఆగిన ప్రోగ్రామ్‌దో అయి ఉంటుంది. కాబట్టి ఆ ఫంక్షన్ ఉన్న సోర్స్ ఫైల్‌ని స్టాక్ చెకింగ్ ఆపి కంపైల్ చేయండి, స్టాక్ సెగ్మెంట్, డేటా సెగ్మెంట్ ఒకటే అనుకోవద్దని కంపైలర్‌కి చెప్పండి. ఆ ఫంక్షన్‌లో చేయాల్సింది బఫర్‌ని వరసలో పెట్టి బయటికి రావడమే.

మిగతా పనంతా మీ ప్రధాన లూప్‌లో జరగాలి. వాట్-32లో, ఎమ్‌టీసీపీలో కూడా వచ్చిన ప్యాకెట్లను విప్పడం, గడువు దాటినవాటిని మళ్లీ పంపడం మీరు పదేపదే పిలిస్తేనే సాగుతాయి. సెన్సర్ కోసం అరసెకను ఆగే ఒక్క లూప్ ఉంటే ఆ అరసెకనూ మీ పరికరం నెట్‌వర్క్‌లో లేనట్టే. పాత కోడ్‌ని తెచ్చి నెట్‌వర్క్ తగిలించేటప్పుడు ఎక్కువ శ్రమ ఇక్కడే: ఆగి ఎదురుచూసే ప్రతి చోటునూ, స్థితిని గుర్తుపెట్టుకుని మళ్లీ వచ్చి చూసేలా మార్చాలి.

ప్రోగ్రామ్ నుంచి బయటికి వచ్చేటప్పుడు డ్రైవర్ దగ్గర తీసుకున్న హ్యాండిల్‌ని వదలాలి, టైమర్ ఇంటరప్ట్‌ని పాత చోటుకి తిప్పాలి. ఇది మరిస్తే తర్వాత వచ్చిన ప్యాకెట్ ఖాళీ అయిన మెమరీలోకి దూకి యంత్రాన్ని కూల్చేస్తుంది. కంట్రోల్-సీ, కంట్రోల్-బ్రేక్ నొక్కినా ఇదే దారిన బయటికి వచ్చేలా వాటిని పట్టుకోండి.

కంపైలర్

లైబ్రరీ తేలాక ఇది దాదాపు దానంతటదే తేలుతుంది. 16-బిట్‌కి నా ఎంపిక ఓపెన్ వాట్‌కామ్. విండోస్, లినక్స్ మీద కూర్చుని డాస్ కోసం కంపైల్ చేయొచ్చు, వర్షన్ కంట్రోల్, మీకు అలవాటైన ఎడిటర్ అన్నీ వాడుకోవచ్చు. 186 చిప్పు అయితే ఆ ప్రాసెసర్‌కే కోడ్ పుట్టించమని ఆప్షన్ ఇవ్వండి. 1989 నాటి టర్బో సీ 2.01ని కొన్ని కంట్రోలర్ల తయారీదారుల లైబ్రరీలు ఇప్పటికీ ఆశిస్తాయి, అలాంటప్పుడు దాన్నే వాడాలి. అంతకు మించి దాన్ని ఎంచుకోవడానికి కారణం కనిపించదు. పాస్కల్ కోడ్ ఉన్నవాళ్లకు ఫ్రీ పాస్కల్ 16-బిట్ డాస్‌కీ 32-బిట్ డాస్‌కీ కోడ్ ఇస్తుంది.

386 ఆపైన ఉండి మెగాబైట్ల కొద్దీ డేటా పట్టాలంటే డీజేజీపీపీ. డీజే డెలోరీ మొదలుపెట్టిన ఈ జీసీసీ కంపైలర్ రూపం ప్రొటెక్టెడ్ మోడ్‌లో (మొదటి మెగాబైట్ దాటిన మెమరీని వాడుకోనిచ్చే పద్ధతిలో) నడుస్తుంది, దానికి ఆ మోడ్‌ని డాస్ మీద నడిపే డీపీఎమ్ఐ సర్వర్ అనే ప్రోగ్రామ్ కావాలి. మామూలు సీడబ్ల్యూఎస్‌డీపీఎమ్ఐ మెమరీ చాలకపోతే డిస్క్ మీద స్వాప్ ఫైల్ పెట్టుకుంటుంది. ఫ్లాష్ కార్డు మీద అది అరుగుదలకి దారి, ఇంటరప్ట్ సమయంలో ప్రమాదం కూడా. పేజింగ్ లేని సీడబ్ల్యూఎస్‌డీపీఆర్0 వాడండి. ప్యాకెట్ డ్రైవర్ మాత్రం రియల్ మోడ్‌లోనే ఉంటుంది, కాబట్టి ప్రతి ప్యాకెట్‌కీ మోడ్ మారాలి, బఫర్ మొదటి మెగాబైట్‌లోనే ఉండాలి. ఈ తంటా వాట్-32 తనే పడుతుంది. 16-బిట్‌లో సరిపోయే పనిని 32-బిట్‌కి ఎక్కించడం వల్ల మాత్రం ఒరిగేదేమీ లేదు.

ఇక ఏ డాస్

ఫ్రీడాస్ తీసుకోండి. 1994లో జిమ్ హాల్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఇది, 2022లో 1.3, 2025లో 1.4 వచ్చాయి. ఎఫ్ఏటీ32 (డిస్క్ మీద ఫైళ్ల చోట్లను పట్టికలో రాసుకునే పద్ధతి) చదువుతుంది, సోర్స్ ఉంది, కాన్ఫిగరేషన్‌లో ఐడిల్‌హాల్ట్ పెడితే ఖాళీ సమయంలో ప్రాసెసర్‌ని ఆపి వేడి తగ్గిస్తుంది. కెర్నెల్ జీపీఎల్ కింద ఉంది, కానీ దాని మీద నడిచినంత మాత్రాన మీ ప్రోగ్రామ్‌కి ఆ లైసెన్స్ అంటదు.

డేటాలైట్ తయారుచేసిన రోమ్-డాస్ నేరుగా రోమ్ నుంచి నడవడానికే పుట్టింది. ఆ కంపెనీ 2019లో టక్సెరాలో కలిసింది. ఇప్పటికే అదున్న ఉత్పత్తిని మార్చాల్సిన పని లేదు. ఎంఎస్-డాస్ విషయంలో అయోమయం వద్దు: మైక్రోసాఫ్ట్ 1.25, 2.0 సోర్స్‌ని 2018లో, 4.00 సోర్స్‌ని 2024లో ఎంఐటీ లైసెన్స్ మీద గిట్‌హబ్‌లో పెట్టింది. 6.22 అందులో లేదు. పాత డిస్క్ ఉంది కదా అని దాన్ని కాపీ చేసి అమ్మే పరికరంలో పెట్టకూడదు.

తెర, కీబోర్డు లేని పెట్టెలో డాస్

ఏ డాస్ అయినా ఎదురుగా మనిషి ఉన్నాడనే అనుకుంటుంది. ఫ్లాష్ కార్డు చదవడంలో తేడా వస్తే, ఆపేయాలా మళ్లీ ప్రయత్నించాలా అని తెర మీద అడిగి జవాబు కోసం కూర్చుంటుంది. జవాబిచ్చేవాళ్లు లేరు. పరికరం అలా ఎన్ని రోజులైనా ఉండిపోతుంది. ఇంటరప్ట్ హెక్స్ 24ని మీరు తీసుకుని విఫలమైందన్న జవాబు, అంటే 3, తిరిగి ఇవ్వండి. అప్పుడు తప్పు మీ ప్రోగ్రామ్‌కి మామూలు ఎర్రర్‌గా వస్తుంది.

కరెంటు పోవడం ఇంకో సంగతి. ఫైల్ మూసేదాకా దాని కొత్త పరిమాణం డైరెక్టరీలో నమోదు కాదు, మధ్యలో కరెంటు పోతే గంటల లాగ్ సున్నా బైట్ల ఫైల్‌గా మిగులుతుంది. ఇంటరప్ట్ హెక్స్ 21లో హెక్స్ 68 ఫంక్షన్‌తో బఫర్లను డిస్క్‌కి తోయొచ్చు. అంతకన్నా మేలు, నిండు పరిమాణంలో ఒక ఫైల్‌ని ముందే సృష్టించి దాని లోపలే తిరగేసి రాసుకోవడం, అప్పుడు ఎఫ్ఏటీ పట్టిక కదలదు. బూట్ అయ్యే పార్టిషన్ వేరు, డేటా రాసే పార్టిషన్ వేరు చేయండి.

వాచ్‌డాగ్ (గడువులోగా ప్రోగ్రామ్ తట్టకపోతే యంత్రాన్ని రీసెట్ చేసే సర్క్యూట్) ఉన్న బోర్డే కొనండి. దాన్ని టైమర్ ఇంటరప్ట్‌లోంచి తట్టకండి, ప్రధాన లూప్ చచ్చిపోయినా టైమర్ సెకనుకి 18.2 సార్లు కొట్టుకుంటూనే ఉంటుంది. లూప్ ఒక చుట్టు పూర్తయినప్పుడే తట్టాలి.

భద్రత గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. డాస్‌లో మెమరీ రక్షణ లేదు, యూజర్లు లేరు, ఎమ్‌టీసీపీలో కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే టీఎల్ఎస్ లేదు. డీజేజీపీపీ, వాట్-32తో కర్ల్ అనే డేటా బదిలీ ప్రోగ్రామ్‌ని కట్టుకోవచ్చు కాబట్టి 32-బిట్‌లో ఎన్‌క్రిప్షన్ అసాధ్యం కాదు, కానీ నమ్మదగిన యాదృచ్ఛిక సంఖ్యలకు ఆధారం డాస్ ఇవ్వదు, సర్టిఫికెట్లను తాజాగా ఉంచే పనీ మీదే. దాని బదులు పరికరాన్ని విడి నెట్‌వర్క్ భాగంలో పెట్టి, బయటి ప్రపంచంతో మాట్లాడే పని ముందున్న ఒక చిన్న లినక్స్ గేట్‌వేకి ఇవ్వండి. ఇంటర్నెట్‌కి డాస్‌ని నేరుగా తెరిచి పెట్టడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించను.

పరీక్షించడం

రోజువారీ పనికి క్యూఈఎమ్‌యూ అనే ఎమ్యులేటర్ (పీసీని సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే ప్రోగ్రామ్) చాలు. దాని ఐసా ఎన్ఈ2000 కార్డు మామూలుగా పోర్టు హెక్స్ 300, ఐఆర్‌క్యూ (హార్డ్‌వేర్ ఇంటరప్ట్ నంబరు) 9 మీద ఉంటుంది, క్రిన్వర్ డ్రైవర్‌కి ఆ రెండూ ఇస్తే లేచి కూర్చుంటుంది. డాస్‌బాక్స్-ఎక్స్‌లో కూడా ఎన్ఈ2000 ఉంది. కానీ ఎమ్యులేటర్‌లో ప్యాకెట్లు మధ్యలో తప్పిపోవు, ఐఆర్‌క్యూలు కొట్టుకోవు, ఫ్లాష్ కార్డు తడబడదు. అందుకని అసలు బోర్డు మీద వేరే పరీక్ష తప్పదు: డేటా పారుతుండగా కేబుల్ పీకి పది నిమిషాల తర్వాత పెట్టండి, స్విచ్‌ని ఆపి వేయండి, పెద్ద పింగ్‌లతో ముంచెత్తండి, రాస్తుండగా కరెంటు తీయండి. ముఖ్యంగా కనెక్షన్ తెరిచి ఉండగా పరికరాన్ని రీసెట్ చేయండి. లేచిన ప్రతిసారీ అదే లోకల్ పోర్టు నంబరుతో మొదలైతే, అవతలి యంత్రం ఇంకా పాత కనెక్షన్ బతికే ఉందనుకుని కొత్తదానికి సరైన జవాబివ్వదు. మొదటి పోర్టు నంబరుని గడియారం నుంచి తీసుకునేలా చేసి, వరసగా ఎన్నోసార్లు రీసెట్ చేసి చూడండి.